నాలుగు గంటల గుండె, అయిదేళ్ళ కవాటం

2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ మెట్రో రైలు ఒకటి నాగోలులో బయలుదేరి, మధ్యలో ఏ స్టేషన్‌లోనూ ఆగకుండా జూబ్లీహిల్స్ చేరింది. అందులో ప్రయాణించింది ఒక దాత గుండె. టీవీలో చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అంత హడావిడి ఎందుకంటే, శరీరంలోంచి తీసిన గుండెను మంచుపెట్టెలో పెట్టినా సుమారు నాలుగు గంటల్లోపు ఇంకొకరి ఛాతీలో అమర్చాలి. ఆలస్యమయ్యే ప్రతి నిమిషం ఆ కండరానికి నష్టమే.

అదే గుండె ఏదో కారణం వల్ల మార్పిడికి పనికిరాదని తేలిందనుకోండి. అప్పుడు అందులోని కవాటాలను, వాటికి అంటుకుని ఉన్న ధమని ముక్కలతో సహా కోసి తీసి, ద్రవ నత్రజని ట్యాంకులో అయిదేళ్ళ దాకా దాచవచ్చు. గుండెకు నాలుగు గంటలు, గుండెలోని కవాటానికి అయిదేళ్ళు! ఒకే మాంసం, ఒకే రక్తం కదా, ఇంత తేడా ఎలా వచ్చింది? ఈ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెడితే, డాక్టర్ల చరిత్రతో పాటు మన హీట్ ట్రాన్స్‌ఫర్, మెటీరియల్ సైన్స్ క్లాసుల్లో విన్న సంగతులు చాలా ఎదురయ్యాయి. అందుకే ఈ సంచికలో దీని గురించే రాస్తున్నాను. వైద్యం చదివినవాణ్ణి కాను కాబట్టి, ఇంజనీరింగ్ విద్యార్థికి అర్థమయ్యే దారిలోనే వెళతాను.

దాచాల్సింది అసలు ఏమిటి?

గుండె కవాటం అంటే వాల్వే. రక్తం ఒకవైపే పోయేలా చూడటం దాని పని. బృహద్ధమని కవాటానికి మూడు రెక్కలుంటాయి. ఒక్కో రెక్క మందం మిల్లీమీటరు కన్నా తక్కువ. నిమిషానికి 70 సార్లు చొప్పున లెక్కేస్తే అది ఏడాదికి మూడున్నర కోట్ల సార్లకు పైగా తెరుచుకుని మూసుకుంటుంది. ఫెటీగ్ టెస్ట్ అంటే ఇదీ!

ఆ పలుచని రెక్కలో మళ్ళీ మూడు పొరలు. ఒక పొరలో కొల్లాజెన్ నారలు తాడులా బిగువును మోస్తాయి. ఇంకో పొరలో ఎలాస్టిన్ నారలు రబ్బరులా సాగి వెనక్కి వస్తాయి. మధ్యలో నీళ్ళు పట్టి ఉంచే స్పాంజిలాంటి పొర ఆ రెండూ ఒకదాని మీద ఒకటి జారేలా చూస్తుంది. ఈ నారల అల్లికలో అక్కడక్కడా బతికున్న కణాలుంటాయి. తెగిన నారను తీసి కొత్తది అల్లే మరమ్మతు కూలీలు అవి.

ధమనిలో కూడా మూడు పొరలే కానీ అమరిక వేరు. రక్తం తగిలే లోపలి గోడకు ఒకే వరుస కణాల నున్నని పూత ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా కాపాడేది ఆ పూతే. మధ్యలో కండర కణాలు, ఎలాస్టిన్. బయట కొల్లాజెన్ తొడుగు.

గుండె కండరానికి, కవాటానికి తేడా ఇక్కడే ఉంది. కండరం పని చేయాలంటే దాని కణాలన్నీ బతికుండాలి, కొట్టుకోవాలి. కవాటం దానంతటది కొట్టుకోదు. రక్తం తోస్తే తెరుచుకుంటుంది, వెనక్కి నెడితే మూసుకుంటుంది. కణాలు పోయినా నారల అల్లిక చెక్కుచెదరకుండా ఉంటే కొన్నేళ్ళు పని చేస్తుంది. నాలుగు గంటలకూ అయిదేళ్ళకూ మధ్య ఉన్న దూరమంతా ఇదే.

ఇప్పుడు దాచేవాడి కోరికలు రాసుకుందాం. ఒకటి, క్రిములు ఉండకూడదు. రెండు, నారల అల్లిక దెబ్బతినకూడదు. మూడు, వీలైతే కణాలు బతికుండాలి. నాలుగు, పుచ్చుకున్నవాళ్ళ శరీరం దాన్ని పరాయిదని తరిమేయకూడదు. అయిదు, ఎక్కువ కాలం నిల్వ ఉండాలి. ఈ అయిదూ ఒకేసారి తీర్చే పద్ధతి ఇంతవరకు లేదు. ప్రతి పద్ధతీ వీటిలో ఒకటో రెండో వదులుకుని మిగతావి సంపాదించుకునే బేరమే.

బేరం అర్థం కావాలంటే వేసవిలో మన ఇళ్ళలో మామిడికాయను తలుచుకోండి. ఫ్రిజ్‌లో పెడితే కొన్నాళ్ళు కాయలాగే ఉంటుంది. ఎండబెట్టి ఒరుగులు చేస్తే ఏడాది ఉంటాయి, కానీ నానబెడితే మళ్ళీ పచ్చికాయ కాదు. ఆవకాయ పెడితే ఇంకా గట్టిగా ఉంటుంది, కానీ అది వేరే వస్తువు. ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే మెత్తబడి నీరు కారుతుంది. గుండె కవాటాల విషయంలోనూ సర్జన్లు ఈ నాలుగు దారులూ నడిచారు.

మొదటి దారి: చల్లగా ఉంచడం

రక్తనాళాలను కుట్టే పద్ధతికి 1912లో నోబెల్ బహుమతి అందుకున్న అలెక్సిస్ కరెల్, అంతకు ముందే న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో జంతువుల ధమనులను సున్నాకు దగ్గరి చలిలో దాచి, తర్వాత వేరే జంతువుకు అతికించి చూశాడు. ఆ ఆలోచన మనుషుల దాకా రావడానికి నలభై ఏళ్ళు పట్టింది. 1948లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్, బృహద్ధమని పుట్టుకతోనే ఇరుకైన పిల్లలకు, చనిపోయినవారి నుంచి తీసి ఉప్పు ద్రావణంలో 4 డిగ్రీల దగ్గర దాచిన ధమని ముక్కలు వేసిన అనుభవాన్ని ప్రచురించాడు.

కవాటాల వంతు 1962లో వచ్చింది. ఆ ఏడాది జులైలో లండన్‌లో డొనాల్డ్ రాస్, ఆగస్టులో న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో బ్రయన్ బారట్‌-బాయెస్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, మనిషి కవాటాన్ని ఇంకో మనిషికి దాని అసలు స్థానంలోనే అమర్చారు. ఇలా మనిషి నుంచి మనిషికి వేసేదాన్ని హోమోగ్రాఫ్ట్ అంటారు.

1960ల చివరికి ఒక స్థిరమైన పద్ధతి వచ్చింది. కవాటాన్ని యాంటీబయాటిక్స్ కలిపిన పోషక ద్రవంలో ముంచి 4 డిగ్రీల దగ్గర ఉంచడం. చవక, ఒక మంచి ఫ్రిజ్ చాలు. నారలకు పెద్దగా హాని లేదు. కానీ లోపలి కణాలు రోజురోజుకీ చచ్చిపోతుంటాయి, నిల్వ కాలం కొన్ని వారాలే. ఆ వారాల్లో సరైన సైజు రోగి దొరక్కపోతే దాత కుటుంబం ఇచ్చినది వృథా. పిల్లలకు చిన్న సైజు కవాటాలు కావాలి కాబట్టి ఈ సమస్య మరీ ఎక్కువ.

రెండో దారి: ఎండబెట్టడం, శుద్ధి చేయడం

నీళ్ళు లేకపోతే కుళ్ళు లేదు. 611 పాస్కల్స్ కన్నా తక్కువ పీడనంలో మంచు ద్రవంగా మారకుండా నేరుగా ఆవిరైపోతుందని థర్మోడైనమిక్స్‌లో ట్రిపుల్ పాయింట్ దగ్గర చదివాం కదా. ఇన్‌స్టంట్ కాఫీ పొడి చేసే పద్ధతుల్లో ఇదొకటి. 1950ల మొదట్లో అమెరికా నౌకాదళపు టిష్యూ బ్యాంకు మనుషుల ధమనులను ఇలా ఎండబెట్టి, గాలి తీసేసిన గాజు గొట్టాల్లో సీలు చేసి ఉంచింది. ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. కావాల్సినప్పుడు సెలైన్‌లో నానబెడితే సరి.

మొదట్లో ఫలితాలు బాగున్నాయి. తర్వాత కొన్నేళ్ళకు ఆ ధమనుల గోడలు బలహీనపడి ఉబ్బడం, లోపల రక్తం గడ్డకట్టడం, సున్నం పేరుకోవడం కనబడింది. ఈలోగా డెక్రాన్ అనే పాలిస్టర్ గుడ్డతో నేసిన గొట్టాలు వచ్చాయి. 1950లు ముగిసేసరికి పెద్ద ధమనులకు అవే దిక్కయ్యాయి.

కవాటాలను కూడా ఎండబెట్టి చూశారు. ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుతో, రేడియేషన్‌తో శుద్ధి చేసి చూశారు. క్రిములు చచ్చాయి కానీ కొల్లాజెన్ కూడా దెబ్బతింది. కొన్నేళ్ళలో రెక్కలు చిరిగిపోయాయి. మొదటి కోరిక కోసం రెండోదాన్ని వదులుకున్న బేరం ఇది. నష్టమే మిగిలింది.

మూడో దారి: తోలులా పదును చేయడం

1960లలో పారిస్‌లో అలెన్ కార్పెంతియే పంది కవాటాలు మనుషులకు వేసే పని మీద ఉన్నాడు. పచ్చి పంది కవాటాన్ని మన శరీరం వెంటనే పరాయిదని గుర్తుపట్టేస్తుంది. ఆయన 1960ల చివర్లో గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనం వాడటం మొదలుపెట్టాడు. తోళ్ళు పదును చేసే పరిశ్రమలో ఇప్పటికీ వాడే రసాయనమే ఇది. కొల్లాజెన్ గొలుసులను పక్కపక్కన ముడి వేసి కలుపుతుంది. కణాలు చస్తాయి, క్రిములు చస్తాయి, పరాయి గుర్తులు చాలావరకు కప్పబడతాయి, నారలు గట్టిపడతాయి. గది ఉష్ణోగ్రతలో సీసాలో ఏళ్ళ తరబడి ఉంటుంది. ఈ రోజు ప్రపంచంలో వేసే జంతు కవాటాల్లో ఎక్కువభాగం ఈ దారిలో వచ్చినవే. ఛాతీ కోయకుండా తొడ దగ్గరి ధమనిలోంచి పంపే కవాటాలు కూడా పదును చేసిన పొరతోనే తయారవుతాయి.

మరి సమస్య? కాల్షియం. బతికున్న కణం తన లోపలి కాల్షియాన్ని బయటి కన్నా దాదాపు పదివేల రెట్లు తక్కువగా ఉంచుకుంటుంది. దానికోసం పంపులు నిరంతరం నడుపుతుంది. చచ్చిన కణంలో పంపు ఆగిపోతుంది. కాల్షియం లోపలికి చొరబడి, కణపు పొరలోని ఫాస్ఫేటుతో కలిసి, గింజలా మొదలై పెరుగుతుంది. పదును చేసిన కవాటంలో చచ్చిన కణాల శవాలు అలాగే బిగుసుకుని ఉంటాయి. వాటిని తీసేసేవాళ్ళు లేరు. మిగిలిపోయిన ఆల్డిహైడ్ గుంపులు కూడా కాల్షియాన్ని పిలుస్తాయి. రెక్కలు బిరుసెక్కి చివరికి పగులుతాయి. డెబ్బై ఏళ్ళవారికి ఈ కవాటం జీవితాంతం రావచ్చు. ఎముకలు పెరిగే వయసులో ఉన్న పిల్లల శరీరంలో మాత్రం చాలా త్వరగా సున్నం పడుతుంది. ఆవకాయ జాడీలో ఎన్నాళ్ళున్నా చెడదు నిజమే, కానీ మనకు కావాల్సింది జాడీలో ఆయుష్షు కాదు, ఛాతీలో ఆయుష్షు.

నాలుగో దారి: గడ్డకట్టించడం

ఫ్రీజర్‌లో పెట్టిన కాయ ఎందుకు మెత్తబడుతుంది? నీరు మంచయితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, స్ఫటికాలు గోడలను చీలుస్తాయి. కణాలను గడ్డకట్టించి బతికించడం 1949లో గ్లిసరాల్‌తో, 1959లో డీఎంఎస్‌ఓ అనే ద్రావకంతో సాధ్యమైంది. రెండూ నీళ్ళలో కలిసి, కణం లోపలికి వెళ్ళి, మంచు స్ఫటికాలు ఏర్పడటాన్ని తగ్గిస్తాయి.

అయినా వేగం ముఖ్యం. 1972లో పీటర్ మేజర్ చెప్పిన వివరణ ఇంజనీర్లకు నచ్చుతుంది. బాగా నెమ్మదిగా చల్లబరిస్తే ముందు కణం బయటి నీరు మంచవుతుంది. మిగిలిన ద్రవంలో ఉప్పు చిక్కబడుతుంది. కణంలోని నీరు బయటికి వచ్చేస్తుంది. కణం ఎండిపోయి, ఉప్పు ఘాటుకు చస్తుంది. బాగా వేగంగా చల్లబరిస్తే నీరు బయటికి వచ్చే టైము ఉండదు. కణం లోపలే మంచు ఏర్పడి చస్తుంది. మధ్యలో ఎక్కడో ఒక సరైన వేగం ఉంటుంది. కవాటాలకు అది నిమిషానికి ఒక డిగ్రీ దగ్గర తేలింది.

అందుకే టిష్యూ బ్యాంకులో చేసే పని సుమారుగా ఇలా ఉంటుంది. కవాటాన్ని యాంటీబయాటిక్ ద్రవంలో శుద్ధి చేసి, 10 శాతం డీఎంఎస్‌ఓ కలిపిన పోషక ద్రవంతో సంచిలో సీలు చేస్తారు. ప్రోగ్రాం చేసిన ఫ్రీజర్ నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున దించుతుంది. ద్రవం గడ్డకట్టే క్షణంలో లేటెంట్ హీట్ విడుదలై ఉష్ణోగ్రత పైకి ఎగరబోతుంది. ఫ్రీజర్ సరిగ్గా అప్పుడే ఎక్కువ నత్రజని వదిలి దాన్ని అదుపు చేస్తుంది. తర్వాత సంచిని ద్రవ నత్రజని ఆవిరిలో వేలాడదీస్తారు. ద్రవంలోనే ముంచకుండా ఆవిరి ఎందుకంటే, ద్రవం ద్వారా ఒక సంచిలోని వైరస్ ఇంకో సంచికి చేరే ప్రమాదం ఉంది. 1990లలో లండన్‌లో ఎముక మజ్జ దాచిన ట్యాంకు ద్వారా హెపటైటిస్ బి పాకిన ఉదంతం తర్వాత ఈ జాగ్రత్త పెరిగింది.

1975లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో మార్క్ ఓబ్రయన్ బృందం ఈ పద్ధతిలో దాచిన కవాటాలు వేయడం ప్రారంభించింది. వాళ్ళ ఆశ స్పష్టం. 4 డిగ్రీల దగ్గర కణాలు చస్తున్నాయి, గడ్డకట్టిస్తే చాలా కణాలు బతుకుతున్నాయి, బతికున్న కణాలు మరమ్మతు చేస్తాయి, కాబట్టి కవాటం ఎక్కువ కాలం మన్నాలి. ఈ తర్కంలో తప్పు పట్టడానికి ఏమీ కనబడదు. దాని ఫలితం ఏమైందో కొంచెం ఆగి చూద్దాం.

ధమనుల తంటా వేరు

కవాటానికి సరిపోయిన పద్ధతి ధమనికి అలాగే సరిపోదు. మైనస్ 120 డిగ్రీలు దాటి కిందికి పోతే గడ్డకట్టిన ద్రవం గాజులా పెళుసవుతుంది. కరిగించేటప్పుడు బయట వేడెక్కి లోపల చల్లగా ఉంటే థర్మల్ స్ట్రెస్ వస్తుంది. వేడి టీ పోసిన గాజుగ్లాసు చిట్లినట్టు ధమని గోడ అడ్డంగా పగులుతుంది. ఇంగ్లండ్‌లో డేవిడ్ పెగ్ బృందం 1997లో కుందేళ్ళ ధమనుల మీద దీన్ని పరిశీలించింది. మైనస్ 100 దాకా నెమ్మదిగా, ఆ పైన వేగంగా వేడిచేస్తే ఆ పగుళ్ళను తప్పించవచ్చని చూపింది. నిల్వ ద్రావణం మార్చలేదు, కొత్త మందు కనిపెట్టలేదు. కేవలం హీటింగ్ కర్వ్ మార్చారు!

ఇంకో తేడా ఆ లోపలి పూత. బృహద్ధమనిలో రక్తం వేగంగా, ధారాళంగా పోతుంది కాబట్టి పూత పోయినా గడ్డ కట్టే ప్రమాదం తక్కువ. ఆరు మిల్లీమీటర్ల కన్నా సన్నని నాళంలో పూత పోతే మూసుకుపోయే ప్రమాదం చాలా ఎక్కువ. అందుకే దాచిన ధమనులు ఇప్పుడు ముఖ్యంగా పెద్ద నాళాలకే వాడతారు. వేసిన డెక్రాన్ గొట్టానికి ఇన్ఫెక్షన్ సోకినప్పుడు, అక్కడ మళ్ళీ గుడ్డ గొట్టం వేయడం ప్రమాదమైనప్పుడు, గడ్డకట్టించి దాచిన మనిషి ధమని ఆదుకుంటుంది.

నిల్వ అంటే ఏళ్ళే కానక్కర్లేదు. మన ఇళ్ళల్లో ఎవరికో ఒకరికి బైపాస్ అయి ఉంటుంది. కాలి నుంచి తీసిన సిర, గుండెకు కుట్టేదాకా గంటో అరగంటో గిన్నెలో ఎదురుచూస్తుంది. అదీ నిల్వే. మామూలు సెలైన్ రక్తం కన్నా ఆమ్లంగా ఉంటుంది. అమెరికాలో మూడు వేల మంది బైపాస్ రోగులతో జరిగిన ఒక పెద్ద అధ్యయనపు వివరాలను 2014లో ఈ కోణంలో విశ్లేషించారు. సెలైన్‌లోనో, రోగి రక్తంలోనో ఉంచిన సిరల కన్నా, ఆమ్లత అదుపులో ఉండే బఫర్ ద్రావణంలో ఉంచినవి ఏడాది తర్వాత తక్కువగా మూసుకుపోయాయని కనబడింది. ఏ ద్రావణం వాడాలో చీటీ తీసి నిర్ణయించిన ప్రయోగం కాదు కాబట్టి దీన్నే తుదిమాట అనలేం. అయినా ఆ గిన్నెలో ఏముందన్నది పట్టించుకోవాల్సిన విషయమేనని తేలింది.

మంచు లేకుండా గాజు

స్ఫటికాలే శత్రువులైతే, స్ఫటికమే ఏర్పడకుండా నీటిని గాజులా మార్చేస్తే? దీన్నే విట్రిఫికేషన్ అంటారు. రక్షక రసాయనాలను చాలా గాఢంగా నింపితే, చల్లబడేకొద్దీ ద్రవం చిక్కబడి, అణువులు వరుసలో సర్దుకునే అవకాశం లేకుండానే ఘనమవుతుంది. 2000లో కెల్విన్ బ్రాక్‌బ్యాంక్ బృందం కుందేలు సిరలతో చేసిన ప్రయోగంలో, ఇలా దాచినవి తాజా సిరతో పోలిస్తే 80 శాతానికి పైగా సంకోచించే శక్తి నిలుపుకున్నాయి. మామూలుగా గడ్డకట్టించినవి 30 శాతం కూడా నిలుపుకోలేదు.

చిక్కు ఎక్కడంటే వేడిచేయడంలో. గాజు స్థితి నుంచి తిరిగి వచ్చేటప్పుడు చాలినంత వేగం లేకపోతే దారిలోనే స్ఫటికాలు పుట్టుకొస్తాయి. నీళ్ళ తొట్టిలో ముంచితే వేడి బయటి నుంచి లోపలికి వాహకత్వం ద్వారానే పోవాలి. మందం రెట్టింపయితే పట్టే సమయం నాలుగింతలవుతుందని మనకు తెలుసు. చిన్న గొట్టంలో కుదిరింది పెద్ద సంచిలో కుదరదు. 2017లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జాన్ బిషాఫ్ బృందం దీనికి చక్కని ఉపాయం చేసింది. ద్రావణంలో ముందే ఐరన్ ఆక్సైడ్ నానోకణాలు కలిపి, మారుతున్న అయస్కాంత క్షేత్రంలో పెట్టారు. ప్రతి నానోకణమూ ఒక చిన్న పొయ్యి. లోపలా బయటా ఒకేసారి వేడెక్కుతుంది. 50 మిల్లీలీటర్ల దాకా పరిమాణంలో నిమిషానికి 130 డిగ్రీలకు పైగా వేగం సాధించి, పంది ధమనులను, కవాట రెక్కలను బాగా కాపాడారు. ఇది ఇంకా ప్రయోగశాల దశ ముచ్చటే. కానీ ఈ సమస్యను తేల్చాల్సింది మనలాంటి బ్రాంచీల వాళ్ళేనని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇరవై తొమ్మిదేళ్ళ లెక్క

ఇప్పుడు ఓబ్రయన్ దగ్గరికి వద్దాం. 2001లో ఆయన బృందం 29 ఏళ్ళలో వేసిన 1,022 కవాటాల లెక్క ప్రచురించింది. దాదాపు ప్రతి రోగినీ వెతికి పట్టుకుని రాసిన లెక్క. 4 డిగ్రీల దగ్గర దాచినవీ, గడ్డకట్టించి దాచినవీ రెండూ అందులో ఉన్నాయి. 20 ఏళ్ళ దాకా పోల్చి చూస్తే, కవాటం అరిగి మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి రావడంలో రెండు పద్ధతులకూ తేడా కనబడలేదు.

తేడా ఇంకోచోట కనబడింది. ఆపరేషన్ నాటికి 60 దాటినవాళ్ళలో 94 శాతం మందికి 15 ఏళ్ళ తర్వాత కూడా అరుగుదల వల్ల మళ్ళీ ఆపరేషన్ అవసరం రాలేదు. 20 ఏళ్ళలోపు వాళ్ళలో ఆ అదృష్టం 47 శాతానికే.

కణాలను బతికించడానికి పాతికేళ్ళు శ్రమించిన బృందమే ఈ మాట నిజాయితీగా రాయడం నన్ను ఆపి ఆలోచింపజేసింది. కారణం ఏమై ఉంటుంది? దాచిన పద్ధతి ట్యాంకులో జరిగేదాన్ని నిర్ణయిస్తుంది. ఛాతీలో జరిగేదాన్ని నిర్ణయించేది పుచ్చుకున్న శరీరం. దాత కణాలు బతికుంటే మరమ్మతు కూలీలే కావచ్చు, కానీ వాళ్ళు పరాయి ఊరి కూలీలు. రోగనిరోధక వ్యవస్థ వాళ్ళను గుర్తుపడుతుంది. పిల్లల్లో అది మరీ చురుకు. మన కోరికల జాబితాలో మూడోదీ నాలుగోదీ ఒకదానికొకటి ఎదురని పాతికేళ్ళ అనుభవం చెప్పింది.

అయిదో దారి: కణాలను కడిగేయడం

ఇక్కడి నుంచి ఆలోచన తిరగబడింది. కణాలను బతికించడం మానేసి, ఉన్న కణాలన్నీ కడిగేసి నారల అల్లికను మాత్రమే ఉంచితే? అద్దె ఇల్లు ఖాళీ చేయించి, గోడలు చెడకుండా కొత్త కాపురానికి ఇచ్చినట్టు. సబ్బులాంటి డిటర్జెంట్లతో, డీఎన్‌ఏను కోసే ఎంజైములతో రోజుల తరబడి కడిగి తీస్తారు. ఖాళీ అల్లికలోకి రోగి సొంత కణాలు వచ్చి చేరతాయని ఆశ.

జర్మనీలోని హానోవర్ బృందం ఈ పనిలో ముందుంది. 2002లో మోల్డోవాలో ఇద్దరు పిల్లలకు, కడిగిన మనిషి కవాటాల మీద ఆ పిల్లల సొంత కణాలనే పెంచి అమర్చారు. తర్వాతి సంవత్సరాల్లో పిల్లలతో పాటు ఆ కవాటం వ్యాసం కూడా పెరగడం గమనించారు. తర్వాత సొంత కణాలు పెంచకుండా, కడిగినవాటినే నేరుగా వేసే పద్ధతి వ్యాపించింది.

కానీ ఇదే ఆలోచన ఒకచోట ఘోరంగా విఫలమైంది. 2003లో వియన్నా డాక్టర్లు ప్రచురించిన నివేదిక ప్రకారం, కడిగిన పంది కవాటాలను నలుగురు పిల్లలకు వేస్తే ముగ్గురు చనిపోయారు. కడగడం పూర్తికాలేదు, పంది కొల్లాజెన్ కూడా మంటను రేపింది. కణాలు పోయాయి అని చెప్పడం సులువు, కొలిచి చూపడం కష్టం. ఏ ప్రాసెస్ అయినా వాడకానికి ముందు ‘పూర్తయిందని ఎలా తెలుసు?’ అన్న ప్రశ్నకు జవాబు ఉండాలని క్వాలిటీ కంట్రోల్ క్లాసులో వినే మాటకు ఇంత ఖరీదు ఉంటుందని నేను అనుకోలేదు.

మరి ఏది మేలు?

ఒక్క మాటలో జవాబు లేదు. ఎవరికి అన్నది తెలిస్తేనే ఏది అన్నది తేలుతుంది. ముగ్గురిని ఊహించుకుందాం.

డెబ్బై అయిదేళ్ళ తాతగారు. ఆయన శరీరంలో సున్నం నెమ్మదిగా పడుతుంది. పదును చేసిన జంతు కవాటం చాలు. సీసాలో సిద్ధంగా ఉంటుంది, సైజు దొరుకుతుంది, దాత కోసం ఎదురుచూడక్కర్లేదు.

పుట్టుకతో కుడి గది నుంచి ఊపిరితిత్తులకు దారి లేని పసిపాప. కవాటమూ, దానికి అంటుకున్న ధమనీ రెండూ కావాలి. ఇక్కడ మనిషి నుంచి వచ్చిన కవాటానికి సాటి లేదు. దొరికితే కడిగినది, లేకపోతే గడ్డకట్టించినది. చిన్న సైజు కవాటాలు అరుదుగా వస్తాయి కాబట్టి ఏళ్ళ తరబడి దాచగల ట్యాంకు లేనిదే ఈ పాపకు అవకాశమే లేదు. రెండు పద్ధతుల మన్నిక ఒకటే అయినా గడ్డకట్టించడం ఎందుకు గెలిచిందో ఇక్కడ అర్థమవుతుంది. అది కాపాడింది కవాటం ఆయుష్షును కాదు, ఎదురుచూసే సమయాన్ని.

రుమాటిక్ జ్వరంతో బృహద్ధమని కవాటం పాడైన ఇరవై రెండేళ్ళ అమ్మాయి. మన దేశంలో ఇలాంటివాళ్ళు తక్కువేమీ కాదు, అయితే ఆ జబ్బు ఎక్కువగా పట్టేది మైట్రల్ కవాటాన్ని. లోహపు కవాటం వేస్తే దశాబ్దాలు మన్నుతుంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ రూపొందించి 1990 డిసెంబరులో మొదటిసారి అమర్చిన చిత్ర వాల్వు ఇలాంటిదే, ధరా అందుబాటులోనే ఉంటుంది. కానీ జీవితాంతం రక్తాన్ని పలుచబరిచే వార్ఫరిన్ మింగాలి. తరచూ రక్తపరీక్షలు కావాలి. గర్భంలో బిడ్డకు ఆ మందు హాని చేయగలదు. హోమోగ్రాఫ్ట్‌కు వార్ఫరిన్ అక్కర్లేదు, కానీ ఎప్పటికో మళ్ళీ ఆపరేషన్ తప్పకపోవచ్చు. ఇది సాంకేతిక ప్రశ్న దాటి ఆమె జీవితం గురించిన ప్రశ్న అవుతుంది. జవాబు చెప్పాల్సింది ఆమే. కానీ ఆమెకు ఎంచుకునే వీలుండాలంటే ముందు ఆ కవాటం ఎక్కడో ట్యాంకులో ఉండాలి.

అది ఉండాలంటే ఎవరో ఇచ్చి ఉండాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో 1990ల నుంచే హోమోగ్రాఫ్ట్ కవాటాల బ్యాంకు ఉంది. మన అవయవ మార్పిడి చట్టం 1994 నాటిది. 2011 సవరణతో కణజాలాలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. మన రాష్ట్రాల జీవన్‌దాన్ లెక్కల్లో కిడ్నీలు, కాలేయాల పక్కన గుండె కవాటాలకూ ఒక వరుస ఉంటుంది. గుండె దానం చేయాలంటే సాధారణంగా బ్రెయిన్ డెత్ అయిన సందర్భమే కావాలి. కవాటాలకు ఆ నియమం లేదు. గుండె ఆగిన తర్వాత కూడా, చలిలో ఉంచితే కొన్ని గంటలపాటు వాటిని తీసే వీలుంది. గుండె మార్పిడి చేయించుకున్న వ్యక్తి పాత గుండెలోంచి కూడా మంచి కవాటాలు తీసి వేరేవాళ్ళకు ఇవ్వవచ్చు. నేత్రదానం గురించి మన ఊళ్ళల్లో తెలియనివాళ్ళు తక్కువ. కవాటదానం అనే మాట ఎంతమంది విన్నారు?

ఈ విషయం గురించి చదివాక నాకు మిగిలింది ఒక ప్రశ్న అడిగే అలవాటు. బ్యాటరీ అయినా, డేటా అయినా, కవాటం అయినా, దేన్నైనా దాచే ముందు ‘ఎన్నాళ్ళు ఉంటుంది?’ అని అడుగుతాం. దానికన్నా ముందు ‘ఇది ఎవరికి, దీనిలో వాళ్ళకు పనికొచ్చేది ఏది?’ అని అడగాలి. చల్లబరిచినా, ఎండబెట్టినా, పదును చేసినా, గడ్డకట్టించినా, కడిగేసినా, ఆ జవాబును బట్టే పద్ధతి మంచిదో కాదో తేలుతుంది.